తెర మీద మాట ఎవరిది?
తెలుగు టీవీ వ్యాఖ్యాతల కథ, మన తండా వైపు నుంచి

మా హాస్టల్లో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి ఉంది. రాత్రి భోజనాలయ్యాక వంటగదిలోంచి గరిట తెచ్చుకుని, మంచమెక్కి నిలబడి వార్తలు చదువుతుంది. "బ్రేకింగ్ న్యూస్! ఈరోజు సాంబారులో ముక్కలు మాయం. దీనిపై వార్డెన్ మేడం ఏమంటారో అడిగి తెలుసుకుందాం" అని గరిట నా నోటి ముందు పెడుతుంది. డార్మిటరీ మొత్తం గొల్లుమంటుంది. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఆగాలో, కనుబొమ్మ ఎప్పుడు ఎత్తాలో అన్నీ తెలుసు దానికి. ఒకరోజు ఊరికే అన్నాను, "ఇదే గోర్ బోలీలో చదువు చూద్దాం" అని. టక్కున ఆగిపోయింది. గరిట కిందికి దించేసి, "టీవీలో అట్ల రాదు కదా మేడం" అంది.

సావనీర్‌కు ఏదైనా రాయమని మన సంఘం పెద్దలు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ మాటే. టీవీలో అట్ల ఎందుకు రాదు? టీవీలో వచ్చే మాట ఎట్లా వచ్చింది, ఎవరి నోటి నుంచి వచ్చింది? మీరందరూ ఫోన్లో వీడియోలు చూస్తూ పెరిగినవాళ్ళు. టీవీ ముందు చాప పరుచుకుని కూర్చున్న రోజులు మీకు తెలియవు. అందుకని కొంచెం వెనక నుంచి చెబుతాను.

కోళ్ళ జాలీ గొడుగు

మన దగ్గర టీవీ మొదట పట్నాలకే వచ్చిందనుకుంటారు చాలామంది. నిజానికి హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలుకాక ముందే పాలమూరు పల్లెల్లో టీవీ చూశారు. 1975 ఆగస్టు 1న 'సైట్' అనే ప్రయోగం మొదలైంది. శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్ అన్న పొడుగు పేరుకు అది పొట్టి రూపం. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాది పాటు మన దేశం వాడుకుంది. ఆరు రాష్ట్రాల్లో వెనకబడిన జిల్లాలను ఏరి, దాదాపు 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, మెదక్, కర్నూలు, హైదరాబాద్ జిల్లాల పల్లెలకు ఆ అవకాశం దక్కింది. అప్పటికి రంగారెడ్డి జిల్లా ఇంకా పుట్టలేదు, ఆ పల్లెలన్నీ హైదరాబాద్ జిల్లాలోనే ఉండేవి.

టీవీ పెట్టెలు తయారుచేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. సిగ్నల్ పట్టడానికి పది అడుగుల వెడల్పున్న గొడుగు. దానికి వాడింది కోళ్ళ గూళ్ళకు కొట్టే ఇనుప జాలీ. అంత తక్కువ ఖర్చుతో చేశారు. బడి దగ్గరో, పంచాయతీ ఆఫీసు దగ్గరో పెట్టె పెట్టేవారు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ, మొత్తం రోజుకు నాలుగు గంటల కార్యక్రమాలు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కొంచెం ఆటపాట. ఆ ఏడాదే దేశమంతటా దాదాపు 50,000 మంది ప్రాథమిక పాఠశాల టీచర్లకు సైన్సు బోధనలో టీవీ ద్వారా శిక్షణ ఇచ్చారు. టీచర్ ట్రైనింగ్‌లో నేను ఈ సంగతి చదివినప్పుడు నమ్మలేదు. అప్పటికి మా కాలేజీలో ఉన్న ఒక్క టీవీ ప్రిన్సిపాల్ గారి గదిలో తాళం వేసి ఉండేది మరి.

మా నాన్న అప్పటికి పదేళ్ళవాడు. తండాకు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళో టీవీ పెట్టారు. పశువుల్ని దొడ్లోకి తోలి, మా నాయనమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళ వెంట పిల్లలు నడిచి వెళ్ళేవారట. ఊరివాళ్ళు ముందర కూర్చుంటే వీళ్ళు వెనక, వేపచెట్టు అరుగు దగ్గర. ముందు తెలుగు కార్యక్రమం, తర్వాత ఢిల్లీ నుంచి హిందీ కార్యక్రమం వచ్చేది. తెలుగు మొదలవగానే ముందరి వరసలు చెవులు రిక్కించేవి. హిందీ మొదలవగానే ఊరివాళ్ళు లేచిపోయేవారు, మావాళ్ళు ముందుకు జరిగేవారు! మన మాటకు హిందీ, దక్కనీ దగ్గర కాబట్టి అది కొంచెం అర్థమయ్యేదట. తెలుగులో ఒకావిడ పాప వాంతులకూ విరేచనాలకూ ఏం చేయాలో చెబుతుంటే మా నాయనమ్మకు సగం తెలిసేది కాదు. పక్కన కూర్చున్న నాన్న గోర్ బోలీలో చెప్పేవాడు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాన్న ఒక మాట అనేవాడు: "అప్పుడు నేనే మన తండా టీవీని."

సరిగ్గా ఏడాదికి, 1976 జూలై 31న, ఆ ప్రయోగం ముగిసింది. ఉపగ్రహాన్ని అమెరికా వాళ్ళు వేరే చోటికి జరుపుకున్నారు. పెట్టెలో చీమలు పాకినట్టు గీతలు మిగిలాయి. ఆ గొడుగు జాలీ ఏమైందని అడిగితే, కొన్నాళ్ళకు ఎవరింటి కోళ్ళ గూటికో చేరిందని నాన్న నవ్వేవాడు. నిజమో కాదో మరి.

కాగితం చూడకుండా చదివిన మనిషి

సైట్ కోసం హైదరాబాద్‌లో కార్యక్రమాలు తయారుచేసే కేంద్రం ఒకటి పెట్టారు. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రాన్ని అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. రామంతాపూర్ స్టూడియో పేరు అట్లా ఇంటింటికీ తెలిసింది. అయినా టీవీలో తెలుగు వార్తలు రావడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. 1983 నవంబర్ 14 సాయంత్రం ఏడు గంటలకు శాంతి స్వరూప్ గారు మొదటిసారి తెలుగులో వార్తలు చదివారు. 1978లోనే ఆయన దూరదర్శన్ ఉద్యోగంలో చేరారు. వార్త చదవడానికి అయిదేళ్ళు ఎదురు చూడాల్సి వచ్చింది.

ఇప్పుడు కెమెరా ముందు అక్షరాలు పైకి జరుగుతూ కనిపిస్తాయి. వ్యాఖ్యాతలు వాటిని చూస్తూ మనల్నే చూస్తున్నట్టు చదువుతారు. దాన్ని టెలిప్రాంప్టర్ అంటారు. ఆయన కాలంలో అది లేదు. వార్తల ప్రతిని ముందే కంఠతా పట్టి, తల వంచకుండా చెప్పేవారు. ఏళ్ళ తరబడి అట్లాగే చదివారు. పేర్లు, అంకెలు, ఊళ్ళు, ఏ ఒక్కటి తప్పినా రాష్ట్రమంతా వింటుంది. మా హాస్టల్ పిల్లలు ఎక్కాలు అప్పజెప్పడానికి ఎంత గింజుకుంటారో చూసే నాకు ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఆయన భార్య రోజారాణి గారు కూడా వార్తలు చదివారు. 2011లో ఆయన రిటైరయ్యారు. 2024 ఏప్రిల్ 5న కన్నుమూశారు. ఆ రోజు టీవీల్లో పాత క్లిప్పులు వేస్తే మా హాస్టల్ వంటమనిషి చేతిలో పని వదిలేసి వచ్చి నిలబడింది. "ఈ సారు గొంతు వినే మా నాయన గడియారం సరిచేసుకునేటోడు" అంది.

ఆయన మాట గురించి ఒకటి చెప్పాలి. అది శుభ్రమైన మాట, తొందర లేని మాట. కానీ అది పుస్తకం తెలుగు. పాలమూరు రైతు అట్లా మాట్లాడడు, సిక్కోలు జాలరి అట్లా మాట్లాడడు, గుత్తి సంతలో ఎవరూ అట్లా మాట్లాడరు. అయినా అందరికీ అర్థమయ్యేది. ఎవరి ఇంటి మాటా కాకపోవడం వల్ల ఎవరికీ కోపం రాలేదేమో అనిపిస్తుంది నాకు. కానీ అందరి ఇళ్ళ నుంచీ అది సమాన దూరంలో మాత్రం లేదు. చదువుకున్నవాళ్ళ ఇళ్ళకు పక్క వీధిలో ఉండేది, మన తండాకు ఆరు వాగులు దాటాలి.

దూరదర్శన్‌కు పోటీ లేని ఆ రోజుల్లో వార్తలు చదివేవాళ్ళే కాదు, కార్యక్రమాల మధ్యలో కనిపించి "తరువాయి కార్యక్రమం" అని చెప్పే అనౌన్సర్లు కూడా ఇంటి మనుషుల్లాగే అనిపించేవారు. 'జాబులు జవాబులు' అని ప్రేక్షకుల ఉత్తరాలు చదివే కార్యక్రమం ఉండేది. ఊరి పేరు టీవీలో వినపడాలని కార్డు ముక్క రాసేవాళ్ళు ఎందరో. శుక్రవారం 'చిత్రలహరి' అంటే ఇంక చెప్పక్కర్లేదు. నేను మొదటిసారి టీవీ చూసింది ఆ పాటల కోసమే, ఊళ్ళో కిరాణా కొట్టాయన ఇంటి కిటికీలోంచి. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. 'అంతరాయానికి చింతిస్తున్నాం' అన్న బోర్డు వచ్చినప్పుడు లోపలివాళ్ళు, బయటివాళ్ళు అందరం కలిసే చింతించేవాళ్ళం.

మన పట్నంలో మన టీవీ

1995లో లెక్క మారింది. జెమిని టీవీ వచ్చింది, ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. అదే ఏడాది పార్లమెంటు కేబుల్ టీవీ చట్టం చేసింది. అంతకుముందు నాలుగేళ్ళుగా కేబుల్ వ్యాపారం అడ్డూ అదుపూ లేకుండా పెరిగింది. చట్టంతో ఆపరేటర్లు పోస్టాఫీసులో పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలుపెట్టి బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లల తప్పును కూడా నొప్పించకుండా చెప్పడం ఎట్లాగో రాష్ట్రానికంతా చూపించారు. ట్రైనింగ్ రోజుల్లో మాకు చెప్పిన బోధన పద్ధతులన్నీ ఒకెత్తు, అదొకెత్తు.

అయితే ఈ పెద్ద ఛానళ్ళ చరిత్ర మీకు ఎక్కడైనా దొరుకుతుంది. ఎక్కడా దొరకనిది ఇంకొకటి ఉంది. అది మన పట్నాల లోకల్ కేబుల్ ఛానల్ చరిత్ర.

మీ అమ్మానాన్నల్ని అడగండి, చెబుతారు. ప్రతి చిన్న పట్నంలో ఒక కేబుల్ ఆపరేటర్ ఉండేవాడు. అతని ఇంటి మీద రెండు మూడు పెద్ద డిష్‌లు. కింద ఒక గది, అదే కంట్రోల్ రూమ్. అక్కడి నుంచి నల్ల వైరు కరెంటు స్తంభాల మీదుగా, మామిడి కొమ్మల మీదుగా ఇంటింటికీ పాకేది. పై నుంచి వచ్చే ఛానళ్ళతో పాటు అతను తన సొంత ఛానల్ ఒకటి నడిపేవాడు. దానికి కావలసింది ఒక వీసీఆర్, ఒక మాడ్యులేటర్, రాత్రి వేయడానికి ఒక సినిమా క్యాసెట్. తెర కింద బట్టల కొట్టు, ట్యూషన్ సెంటర్, అద్దెకు గది కావాలన్న ప్రకటనలు జరుగుతూ ఉండేవి. పుట్టినరోజు పిల్లల ఫొటోలకు ఇంత అని తీసుకునేవారు. వినాయక నిమజ్జనం, కల్యాణం, సర్పంచ్ ఎన్నికల లెక్కింపు, అన్నీ అందులోనే.

కొంచెం కలిసొచ్చిన ఆపరేటర్ సాయంత్రం పదిహేను నిమిషాలు స్థానిక వార్తలు కూడా పెట్టేవాడు. గోడకు నీలం గుడ్డ, రెండు హాలోజన్ దీపాలు, ఒక బల్ల. వార్తలు చదివేది ఎవరంటే, డిగ్రీ చదివే అమ్మాయి, ప్రైవేటు స్కూలు టీచరు, బీమా ఏజెంటు. జీతం పెద్దగా ఉండేది కాదు. కట్టుకునే చీర బట్టల కొట్టువాళ్ళు ఇచ్చేవారు, చివర్లో కొట్టు పేరు వేయాలి, చీర తిరిగి ఇచ్చేయాలి. ఎండాకాలం ఆ దీపాల కింద ఫ్యాన్ వేస్తే మైకులో గుయ్‌మని శబ్దం వస్తుందని ఆపేసేవారు. చెమట కారుతుంటే నవ్వుతూ కరెంటు కోత వేళలు చదవాలి. అయినా మర్నాడు కూరగాయల బజారులో "నిన్న మీరే కదమ్మా చదివింది" అని ఒకరు అడిగితే చాలు, అదే జీతం.

ఇదంతా నాకు ఎట్లా తెలుసని అడుగుతారేమో. నాలుగు రోజులు ఆ బల్ల ముందు నేనూ కూర్చున్నాను.

ట్రైనింగ్ చదువుతున్న రోజులవి. ఆ పట్నం లోకల్ ఛానల్లో చదివే అమ్మాయికి పెళ్ళి కుదిరింది. ఎవరైనా చదవగలరా అని మా కాలేజీకి కబురొచ్చింది. మా తెలుగు సారు నన్ను పంపారు. మొదటి రోజు వణికాను. రెండో రోజు బాగానే చదివాను. మూడో రోజు మా నాన్న తండా నుంచి బస్సెక్కి వచ్చి, పట్నంలో ఒక టీ కొట్టులో నిలబడి నన్ను టీవీలో చూశాడు. నాలుగో రోజు చదవడం అయ్యాక ఆపరేటర్ పిలిచి, చాలా మర్యాదగానే, "బాగా చదువుతున్నవ్ గానీ అమ్మా, మాటలో తండా తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగిన్రు" అన్నాడు. ఏం అడిగారో చెప్పలేదు. అయిదో రోజు ఇంకొకరు చదివారు. ఆమె కూడా మంచిగానే చదివింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆ ఆపరేటర్ మీద కూడా ఇప్పుడు లేదు, ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తే కనెక్షన్లు పోతాయని భయపడే చిన్న వ్యాపారి అతను. కానీ నాన్నకు మాత్రం చెప్పలేదు. పరీక్షలున్నాయని మానేశానన్నాను.

ఆ నాలుగు రోజుల టేపు ఒక్కటి కూడా లేదు. ఎవరివీ లేవు. క్యాసెట్ ఖరీదు కాబట్టి ఈరోజు వార్తల మీదే రేపటి వార్తలు రికార్డు చేసేవారు. అట్లా ఒక తరం స్థానిక వ్యాఖ్యాతలు ఒకరి మీద ఒకరు చెరిగిపోయారు. దూరదర్శన్ మొదటి వార్త తేదీ చెప్పగలుగుతున్నాను గానీ, మన పట్నంలో మొదట వార్తలు చదివిందెవరో ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ ఛానళ్ళను ముంచింది సెట్‌టాప్ బాక్సు. కేబుల్ అంతా డిజిటల్ కావాలని 2011లో చట్టం మార్చారు. హైదరాబాద్, విశాఖలకు 2013 మార్చి 31 గడువు, పల్లెలకు 2017 మార్చి 31. పాత నల్ల వైరు గదులు ఒక్కొక్కటే పెద్ద కంపెనీల చేతికి వెళ్ళాయి. ఆపరేటర్ డబ్బు వసూలు చేసే మనిషిగా మిగిలాడు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక స్థానిక వార్త అందరి జేబులోకీ వచ్చింది. కొన్ని లోకల్ ఛానళ్ళు ఇంకా నడుస్తున్నాయి. చాలా వాటి బోర్డులు మాత్రం మిగిలాయి.

యాస గెలిచిన రోజులు

ఈలోపు పెద్ద ఛానళ్ళలో మాట మారుతూ వచ్చింది. 2004లో టీవీ9 రోజంతా వార్తలు మొదలుపెట్టింది. వార్త చదివే మనిషి వాదించడం, నిలదీయడం నేర్చుకుంది అప్పుడే. వినోదం వైపు చూస్తే, సుమ గారి సంగతి మీకు చెప్పాలి. ఆమె మాతృభాష మలయాళం. తెలుగు నేర్చుకున్న భాష. ఆ తెలుగుతోనే 'స్టార్ మహిళ' లాంటి కార్యక్రమాలు ఏళ్ళ తరబడి నడిపి, తెలుగిళ్ళ ఆడవాళ్ళతో వంటగదిలో ముచ్చట పెట్టినట్టు మాట్లాడారు. మాతృభాష వేరైతే వ్యాఖ్యాత కాలేరని మీకెవరైనా చెబితే ఆమె పేరు చెప్పండి.

తెలంగాణ ఉద్యమం వేడి మీద ఉన్నప్పుడు, 2011లో టీ న్యూస్, 2012లో వీ6 వచ్చాయి. వీ6లో 'తీన్మార్ వార్తలు' వచ్చే వేళకు మా హాస్టల్లో పిల్లలు ప్లేట్లు పట్టుకుని టీవీ గదిలోకే వచ్చేసేవారు. బిత్తిరి సత్తి, సావిత్రి మాట్లాడుతుంటే వింతగా ఉండేది. అంతకుముందు సినిమాల్లో ఆ యాస వచ్చిందంటే రౌడీకో, పనిమనిషికో, నవ్వించడానికో వచ్చేది. ఇప్పుడు అదే యాస మంత్రిని ఎగతాళి చేస్తోంది, ధరల గురించి అడుగుతోంది. నవ్వించడం మానలేదు, కానీ ఎవరిని చూసి నవ్వాలన్నది మారింది. పుస్తకం తెలుగు ముందు తలవంచుకున్న పాలమూరు, నల్గొండ పిల్లలు తల ఎత్తి మాట్లాడటం నా కళ్ళతో చూశాను.

ఆ వీ6లోనే 'మాటకారి మంగ్లీ' వచ్చింది. మన పిల్ల. అసలు పేరు సత్యవతి రాథోడ్. అనంతపురం జిల్లా గుత్తి మండలం బసినేపల్లి తండా. తిరుపతిలో సంగీతం చదువుకుంది. టీవీకి ఒక పేరు కావాలంటే తమ ఇంట్లో పెద్దావిడ పేరు ఎంచుకుంది. మన తండాల్లో నాయనమ్మలకు ఉండే పేరు, బళ్ళో వేస్తే పిల్లలు నవ్వుతారని మనం మార్పించే పేరు. మా హాస్టల్ రిజిస్టర్లో చూడండి, ఇంట్లో మంగ్లీ, సోమ్లీ అని పిలిచే పిల్లలు ఎందరో బడిలో మంజుల, సౌమ్య అయ్యారు. కొన్ని పేర్లు నేనే రాశాను. ఆ పేరు టీవీ తెర మీద పెద్ద అక్షరాలతో కనిపించిన రోజు నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

అయితే ఇక్కడ ఒక చిక్కు ముడి ఉంది, దాన్ని మీరే విప్పాలి. రాయలసీమ తండా అమ్మాయి టీవీలో మాట్లాడింది తెలంగాణ తెలుగు. కేరళ అమ్మాయి మాట్లాడింది కోస్తా వైపు తెలుగు. తెర మీదికి వెళ్ళిన ప్రతివాళ్ళూ ఇంకొకరి మాట నేర్చుకునే వెళ్ళారు. అది గొప్ప పనే. మంగ్లీ తర్వాత లంబాడీ పాటలూ పాడింది, లక్షల మంది విన్నారు. కానీ పాట వేరు, వార్త వేరు. పాటలో మాట అర్థం కాకపోయినా కాలు కదులుతుంది. వార్తలో అర్థం కావాలి. 'రేపు రేషన్ కార్డు పట్టుకుని రండి' అన్న మాట మా నాయనమ్మకు ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా అర్థం కావాలి.

2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 32 లక్షలకు పైనే. కానీ ఆ లెక్కను హిందీ భాష కింద కలిపి చూపిస్తారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో మన మాట లేదు. 2003లో రాజ్యాంగ సవరణతో బోడో, సంతాలీ అందులో చేరాయి. అంటే గిరిజన భాషకు ఆ తలుపు మూసుకునే ఉండదన్నమాట. ఛత్తీస్‌గఢ్ వైపు 'సీజీనెట్ స్వర' అని 2010 ప్రాంతంలో ఒక ప్రయత్నం జరిగింది. మామూలు ఫోన్ నుంచి ఒక నంబరుకు కాల్ చేసి, మీ ఊరి సంగతి మీ మాటలో, గోండీలో అయినా సరే, చెప్పి రికార్డు చేయొచ్చు, అవతలివాళ్ళు ఫోన్లోనే వినొచ్చు. స్టూడియో లేదు, నీలం గుడ్డ లేదు, అరువు చీర లేదు. చేతిపంపు పాడైందని గోండీలో చెప్పిన గిరిజన స్త్రీ కూడా వ్యాఖ్యాతే కదా.

మళ్ళీ వేపచెట్టు అరుగు

2020లో బళ్ళు మూతపడ్డప్పుడు హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. టీచర్లే టీవీ మనుషులయ్యారు. పిల్లలు చూస్తున్నారో లేదో తెలుసుకోవడానికి మేము తండాలు తిరిగాం. ఒక తండాలో ఒక్క ఇంట్లోనే టీవీ నడుస్తోంది. ఎనిమిది మంది పిల్లలు దాని ముందు. మూడో తరగతి పరిసరాల విజ్ఞానం పాఠం. టీవీలో టీచరమ్మ చక్కగా చెబుతోంది, బొమ్మలు కూడా మంచివి. చిన్నపిల్లలకు సగం తెలియడం లేదు. వాళ్ళ మధ్యలో కూర్చుని మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, టీచరమ్మ ఒక వాక్యం చెప్పగానే గోర్ బోలీలో ఒక వాక్యం చెబుతోంది. ఎవరూ చెయ్యమనలేదు. అది వ్యాఖ్యానం అని కూడా ఆ పిల్లకు తెలియదు.

నలభై అయిదేళ్ళు గడిచాయి. కోళ్ళ జాలీ పోయింది, బ్లాక్ అండ్ వైట్ పోయింది, వీసీఆర్ పోయింది. మా నాన్న కూర్చున్న చోటు మాత్రం అట్లాగే ఉంది.

అందుకని గరిట పట్టుకున్న ఆ పిల్లను వదిలిపెట్టలేదు. ఈ మధ్య ప్రతి శనివారం నా ఫోన్లోనే అయిదు నిమిషాలు రికార్డు చేస్తున్నాం. హాస్టల్ సంగతులు, మెనూ, ఎవరికి జ్వరం, సెలవులు ఎప్పుడు, ఇంటికి ఏ బస్సు దొరుకుతుంది. తండాల వాట్సాప్ గ్రూపులకు పంపుతాం. మొదటిసారి అయిదు నిమిషాలకు రెండు గంటలు పట్టింది. నవ్వు ఆగదు వాళ్ళకు. నాకూ తడబాటే. ఉద్యోగంలో ఇన్నేళ్ళుగా తెలుగులో చెప్పి చెప్పి కొన్ని మాటలు గోర్ బోలీలో నోటికి రావడం లేదు. ఒక తల్లి ఫోన్ చేసి, "ఇంత గట్టిగ చదవకున్రి బిడ్డా, మేమేమన్న చెవిటోళ్ళమా" అంది. టీవీ9 చూసి నేర్చుకున్న గొంతు అది, తగ్గించాం.

మీలో ఎవరి ఇంట్లోనైనా, ఏ పట్నంలోనైనా లోకల్ కేబుల్లో వార్తలు చదివినవాళ్ళు, కెమెరా పట్టినవాళ్ళు, వైరు లాగినవాళ్ళు ఉంటే, వాళ్ళ పేరు, ఏ ఏడాది, ఏ ఊరు అన్నది వాళ్ళను అడిగి, వాళ్ళు సరేనంటే రాసి సంఘానికి పంపండి. ఒక్క క్యాసెట్ బతికి ఉన్నా చెప్పండి, ఆడించే వీసీఆర్ నేను వెతుకుతాను.

మా బులెటిన్‌కు పేరు మాత్రం ఇంకా కుదరలేదు. 'వార్తలు' అనే మాటకు ఏం పెట్టాలన్నది తగాదా. 'వాతే' అని పెడదామని కొందరు, అది ఉత్త ముచ్చట అవుతుంది, వార్త కాదని కొందరు. గరిట పిల్ల ఇంటికి ఫోన్ చేసి వాళ్ళ నాయనమ్మను అడిగింది. స్పీకర్ పెట్టి అందరం విన్నాం. ముసలావిడ కాసేపు ఆలోచించి, "ముందు ఏం జరిగిందో చెప్పండే, పేరు తర్వాత చూద్దాం" అంది.